పదిహేడో నంబరు బోరు

సోమవారం సాయంత్రం ఐదు గంటలు. జర్నల్ వాళ్లు ఇచ్చిన ఆఖరి గడువు అది. ఆలోగా సవరించిన పేపర్ వెళ్లకపోతే జ్యోత్స్న పరిశోధన అక్కడితో సరి. పేపర్ అచ్చయితే తప్ప యూనివర్సిటీ థీసిస్ తీసుకోదు. నాలుగేళ్ల పని.

అంతకుముందు గురువారమే ఆమె లాప్‌టాప్ మూసేసింది. శుక్రవారం తెరవలేదు.

"ఇగ నాతోని కాదు బాలూ. సోమవారం పోయి మా గైడ్‌కి చెప్పొస్త. ఏదన్న కంపెనీల టైపింగ్ పని చేస్కుంట."

"నీకు టైపింగ్ ఎక్కడొచ్చు?"

దిండు వచ్చి ఆమె భర్త బాలు మొహానికి తగిలింది. కానీ ఆమె నవ్వలేదు.

హఫీజ్‌పేట్ చుట్టుపక్కల ముప్పై బోర్ల నీళ్లలో ఇనుము పెరుగుతోందన్నది ఆమె పేపర్. దాన్ని పరిశీలించినాయన, పేరు తెలియదు, ఒకే ముక్క రాశాడు: 'ఇది భూమిలోని ఇనుము కాక పైపుల తుప్పు అయి ఉండవచ్చు. ఈ లెక్కలు నమ్మలేను.' జ్యోత్స్న ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. మూడుసార్లు జవాబు రాసింది. మూడూ తిట్లలా ఉన్నాయని చెరిపేసింది.

బాలు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. రసాయన శాస్త్రం రాదు. వచ్చిన విద్య ఒక్కటే. కాగితం మీద ఏముందో అచ్చంగా అదే చేయడం, సొంత తెలివి చెంచాడు కూడా కలపకపోవడం, పని ఎక్కడ చెడుతుందో చూడడం. ఈ గుణం వల్ల ఆఫీసులో అతనికి స్నేహితులు తక్కువ.

శనివారం పొద్దున ఆమె నిద్ర లేవకముందే పేపర్ ప్రింటు, ఒక శాంపిల్ సీసా పట్టుకుని గోపన్‌పల్లి నుంచి బండి తీశాడు.

పదిహేడో నంబరు బోరు లచ్చమ్మ అనే పెద్దావిడ ఇంట్లో ఉంది. అక్కడ భార్యను చాలాసార్లు దింపాడు గానీ గేటు దాటి లోపలికి వెళ్లడం ఇదే మొదలు. లచ్చమ్మను అడిగి, ప్రింటు గోడకు ఆనించి, చదువుతూ పనిలోకి దిగాడు. మోటారు వేయాలి. వేశాడు. అదే నీటితో సీసా మూడుసార్లు కడగాలి. కడిగాడు. నింపాలి. నింపాడు.

"ఏయ్, గదేం పట్టుడయ్యా?" వాకిట్లోంచి లచ్చమ్మ అరిచింది.

"పేపర్లో ఇలాగే ఉందండి."

"పేపర్ల ఉంటే అయిపాయెనా? మోటర్ ఏసినంక పది నిమిషాలు నీళ్లు ఇడుస్తది మా జ్యోత్స్న బిడ్డ. గడియారం దిక్కే చూస్కుంట నిలవడ్తది. గా నీళ్లు నా బకెట్లల్ల పట్టుకుంట. ముందుగాల వచ్చేది పైపుల నిలిచిన నీళ్లు. గవి ఎవలకు గావాలె?"

బాలు సీసా వెలుతురుకు ఎత్తి చూశాడు. అడుగున ఎర్రటి నలుసులు.

"ప్రతిసారీ అంతేనా అండి?"

"ప్రతిసారి. ఒకపారి జరమొచ్చి వణుక్కుంట వచ్చింది. చాలు తియ్యి బిడ్డా అంటే ఇన్నదా? ఇంక మూడు నిమిషాలున్నయ్ అవ్వా అన్నది. మస్తు మొండిది. నువ్వు గేటు కాడ ఫోన్ చూస్కుంట ఉండె అల్లుడివే గదా?"

జ్వరం సంగతి బాలుకు తెలియదు. ఆ రోజూ దింపింది తానే అయి ఉండాలి.

అతను ఇల్లు చేరేసరికి జ్యోత్స్న టీ పెడుతోంది. సీసా ఆమె ముందు పెట్టాడు.

"పదిహేడో బోరు. నువ్వు రాసినట్టే పట్టాను."

"ఛీ, తుప్పు నీళ్లు. పది నిమిషాలు ఇడ్వలేదా?"

"ఆ మాట ఎక్కడుంది?"

"గది కూడ రాయాల్నా? ఎవరైనా చేస్తరు గదా!"

"నేను చేయలేదుగా."

ఆమె ప్రింటు లాక్కుని చదివింది. మళ్లీ చదివింది. టీ పొంగింది. బాలు వెళ్లి పొయ్యి ఆర్పాడు.

"చేసి చేసి అలవాటైంది బాలూ. అన్నం తినే ముందు చెయ్యి కడుక్కున్నమని ఎవరు రాస్తరు?"

"పేపర్ చూసినాయన నిన్ను అబద్ధాలకోరు అనలేదే. నువ్వు రాసినదాన్నే నమ్మాడు. నాలాగే."

జ్యోత్స్న లోపలికి వెళ్లి బీరువా మీది నోటుబుక్కుల కట్ట దించి దుమ్ము దులిపింది. ప్రతి పేజీలోనూ ఉంది: మోటారు వేసిన టైము, సీసా నింపిన టైము. మధ్యలో పది నిమిషాలు. ముప్పై బోర్లు, నాలుగేళ్లు. ఒక్కటీ తప్పలేదు.

లాప్‌టాప్ తెరిచింది.

ఆదివారమంతా బాలు పక్కన కూర్చుని ఒక్కో వాక్యం పట్టుకున్నాడు.

"'తగినంత చల్లగా' అంటే ఎంత?"

"నాలుగు డిగ్రీలు."

"మరి అలా రాయి. 'వెంటనే ల్యాబ్‌కు' అంటే?"

"నిన్ను ఆఫీసుల ఎట్ల భరిస్తర్రా?"

"భరించరు. అందుకే ఇంటికి తొందరగా వస్తా."

ఈసారి ఆమె నవ్వింది.

సోమవారం నాలుగూ పదికి పేపర్ వెళ్లిపోయింది. పరిశీలకుడికి జవాబు ఆరు లైన్లు. అందులో కోపం లేదు, టైములున్నాయి.

"ఒప్పుకుంటాడంటావా?" బాలు ఫోన్‌లో అడిగాడు.

"ఏమో. ఇంకేమన్న అడుగుతడేమో. అడగనీ, చెప్త." అటువైపు నీళ్ల చప్పుడు. ఆమె గొంతు పెంచింది. "ఇగ ఫోన్ పెట్టు, ఈ నెల శాంపిళ్లు ఇంకా పట్టలేదు. సీసాలు కడుగుతున్న."