శారదమ్మ మగ్గం ఆగిన రోజు

గుడియాత్తంలోని ఆ నేతవీధిలో ఎవరైనా పోతే కబురు చెప్పే పని లేదు. ఆ ఇంటి మగ్గం ఆగిపోతుంది. అది విని పక్కింటిది, దాని పక్కది, వరసగా ఆగిపోతాయి. శవం లేచేదాకా వీధిలో ఎవరూ మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ముట్టరు.

యుద్ధం మొదలైన వారానికి, ఒక పొద్దున శారదమ్మ మగ్గం ఆగింది.

ఆమె కొడుకు రూపేష్ సిపాయి, సరిహద్దులో ఉన్నాడు. ఇంకేముంది, వీధంతా గుండెలు బాదుకుంటూ వచ్చేసింది. పక్కింటి అంజలై వాకిట్లోనే కూలబడి ఏడుపు అందుకుంది. వీళ్ళందరికీ నూలిచ్చి లుంగీలు నేయించుకునే మొదలాళి లోగనాథన్ అయితే పూలదండతో, జెండాతో, మైకువాడితో సహా దిగాడు. ఆ మనిషికి దుఃఖం కంటే ఏర్పాట్లు ముందు తోస్తాయి.

"యెప్పుడు పోయినాడక్కా తంబి?" అన్నాడు గొంతు బరువు చేసుకుని.

మగ్గం ఆపేటప్పుడు వీధి ఇలా అనుకుంటుందని శారదమ్మకు తోచనే లేదు. "నా బిడ్డ బాగుండాడు! పొద్దున్నే మాట్లాడినాడు," అని అరిచింది.

"మరి సచ్చిందెవరు?"

ఆమె ఫోను తీసి చూపించింది. అవతలి దేశంలో ఒక బడి మీద మన విమానం వేసిన బాంబు. గుడ్డలు చుట్టి వరసగా పడుకోబెట్టిన పిల్లలు.

"మనం నేసే లుంగీ ఒకటి చాలు, ఇద్దరు బిడ్డల్ని చుట్టొచ్చు," అంది.

లోగనాథన్ ముఖం మాడిపోయింది. "శత్రువు బిడ్డలకు మగ్గం ఆపేది యాడన్నా ఉండాదా? మిలిటరీవాని తల్లివి! ఇది పైకి తెలిస్తే రూపేష్ ఉద్యోగం యేమవుతాది?"

"ఆ బాంబు మన పేరు చెప్పే వేసినారప్పా. ఓటేసి కూర్చోబెట్టింది మనమే. ఇంక చాలు, నిలపండి అని మనం అడక్కపోతే యెవరడుగుతారు?"

అంజలై కళ్ళు తుడుచుకుని, ఆమె వంక చూడకుండా ఇంటికి పోయింది. కాసేపటికి వీధిలో మగ్గాలు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి.

"టీ తాగి వస్తా. అంతలోపల నీ మగ్గం ఆడల్ల. లేదంటే మగ్గం మీదుండే నా పడుగు నూలు కోసుకుని పోతా," అన్నాడు లోగనాథన్. పడుగు పోతే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదని అతనికి తెలుసు.

శారదమ్మ భర్త రామస్వామి అంతసేపూ గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. ఆయన పంచప్రాణాలూ కొడుకు మీదే. గబగబా మగ్గం గుంటలోకి దిగి నాడె అందుకున్నాడు. ఆమె వచ్చి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"దండం పెడతా శారదా, వాని మీదికి తేవద్దు."

ఇద్దరూ వదలకుండా ఉండగానే ఫోను మోగింది. రూపేష్.

"నేను సచ్చిపోయినానంట గదా నాయనా? వీధిలోవాళ్ళు ఫోన్లు చేస్తా ఉండారు," అని నవ్వబోయాడు. రామస్వామి ఏడుస్తూ జరిగిందంతా చెప్పాడు. "మీ అమ్మకు నువ్వన్నా చెప్పు, మగ్గం ఆడించమని."



"ఆర్డరు వస్తే మాకు ఆపే దారి లేదు నాయనా," అన్నాడు రూపేష్ మెల్లగా. "ఆపమని అడగగలిగింది మీరే. అమ్మకు అడ్డం పడొద్దు."

రామస్వామి నాడె వదిలేశాడు. గుంటలోంచి లేచి, కత్తెర తీసుకుని వాకిట్లోకి నడిచాడు. టీ తాగి వస్తున్న లోగనాథన్ చేతిలో దాన్ని పెట్టాడు.

"కోసుకోప్పా," అన్నాడు. "మా ఇంట్లో సావు ఉండాది."