సఫూరా ఇంటి వాకిలి

నర్సయ్య అప్పటికే సగం వాకిలి చల్లేశాడు. ఎడమచేత బకెట్టు పట్టుకుని, కుడిచేత్తో నీళ్లు తోడి మణికట్టు తిప్పి విదిలిస్తే, నీళ్లు విసనకర్రలా విచ్చుకుని దుమ్ము మీద పడతాయి. ఎక్కడా మడుగు కట్టదు, ఎక్కడా పొడి మిగలదు. అరవయ్యో పడిలో పడిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మెడ వెనక చర్మం ఎండకు కాలి కాలి నల్లగా ముడతలు పడింది. పాదాలు ఎంత వెడల్పంటే, ఆయనకు సరిపోయే చెప్పులు అరబ్బు దేశంలోని ఈ రుస్తాఖ్ బజారులో దొరకవు. దొరికినవాటి పట్టీ పక్కన కాస్త కోసుకుని తొడుక్కుంటాడు.

కోట వెనక ఖర్జూరపు తోటల్లోంచి పోయే సన్నటి సందులో ఉంది ఆ ఇల్లు. మట్టిగోడల పాత మేడ. వెనక భాగంలో యజమానురాలు సఫూరా ఉంటుంది. ముందు గదులు ఊరు చూడవచ్చే విదేశీయులకు అద్దెకిస్తుంది. నర్సయ్య ఆ ఇంటికి ఊడ్చేవాడు, తోటమాలి, సామాను మోసేవాడు, గోడ పెచ్చూడితే మేస్త్రీ. ఇవాళ మధ్యాహ్నం టాక్సీ వస్తుంది. వీసా క్యాన్సిల్ చేసుకుని, మళ్లీ రాకుండా ఇంటికి పోతున్నాడు. అయినా ఎప్పటిలాగే చీకట్లోనే లేచి ఊడ్చాడు, చల్లాడు. ఆయన వెళ్లే రోజని వాకిలికి తెలియదు కదా.

వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి ఖాళీ పెరుగు డబ్బా లోపలికి చాచాడు. లోపల హమీదున్నీసా రొట్టెల పిండి కలుపుతోంది. నిజామాబాద్ మనిషి, ఆ ఇంటి వంట ఆమెదే. నర్సయ్య ఆమెను అక్క వరసన ఆపా అంటాడు. నోరు ఎంత పెద్దదో చెయ్యి అంత పెద్దది.

"ఇయ్యాల గూడ పిండి కావాల్నా నర్సన్నా? పొయ్యేటోనికి గూడ ముగ్గు మీదనే పానమా?"

"ఇయ్యాల్టి పొద్దు ఇయ్యాల్టిదే గదా ఆపా. జెర ఎక్కువనే ఎయ్యి."

ఆమె గొణుగుతూనే డబ్బా నిండా బియ్యప్పిండి పోసింది.

నర్సయ్య గడప ముందు గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు చప్పుడు చేశాయి. ముందు చుక్కలు పెట్టాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి జారవిడుస్తూ చుక్కల చుట్టూ మెలికలు తిప్పాడు. ఈ ఇంటికి రాకముందు, సహం పట్నంలో బిల్డింగు సైట్ మీద ఇనుప చువ్వలు వంచే రోజుల్లో ఆ బొటనవేలు నలిగి వంకర తిరిగింది. అందుకని మలుపు దగ్గర ఆయన గీత కొంచెం లావవుతుంది. చూడటానికి అదీ బాగానే ఉంటుంది.

మగవాడికి ముగ్గేమిటని అడక్కండి. వాళ్లమ్మకు ముగ్గురూ కొడుకులే, ఆమెకేమో నడుము నొప్పి. నడిపివాడు నర్సయ్య నెమ్మదస్తుడని ఆ పని వాడికి అంటగట్టింది. వాడకట్టు అంతా నవ్వింది. ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక డబ్బా లస్మవ్వ చేతికిచ్చి హాయిగా మరిచిపోయాడు. మళ్లీ పిండి ముట్టుకున్నది ఈ గడప ముందే.

అది జరిగి పదకొండేళ్లయింది. సఫూరా భర్త ఉమర్, తోటా ఇల్లూ చూసుకునే మనిషి కావాలని సహం వచ్చి, నర్సయ్యను చూసి మాట్లాడి వెళ్లాడు. కాగితాలయ్యేసరికి రెండు నెలలు పట్టింది. నర్సయ్య పెట్టె పట్టుకుని పొద్దుగూకే వేళ దిగితే, తోట కాపలావాడెవరో వెనక రూమ్ చూపించి పోయాడు. తెల్లారి లేచి వాకిలి ఊడ్చాడు. ఊడ్చాక చూస్తే అది బోసిగా ఉంది. వాళ్ల ఊళ్లో మనిషి పోయిన ఇంటి ముందు దినాలయ్యేదాకా ముగ్గు పడదు. అన్నం పెట్టబోయే ఇల్లు అట్లా కనిపించకూడదనుకున్నాడు. వంటింట్లో, ఎందుకో చెప్పకుండానే అడిగి ఇంత పిండి తెచ్చి, తెలిసిన వాటిలో అన్నిటికన్నా పెద్ద ముగ్గు వేశాడు.

వేసి లేచాక హమీదున్నీసా తలుపు దగ్గర నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "అయ్యో అన్నా! సాబ్ పోయి వారమైంది. నీకెవరు చెప్పలేదా?" అంది.

చావు జరిగిన ఇల్లని ఊరందరికీ తెలిసినచోట పండగ ముగ్గు వేశాడు. సఫూరా భర్త పోయిన గడువులో ఉంది, నాలుగు నెలల పైచిలుకు గుమ్మం దాటి రాదు. చీపురు తెచ్చి తుడిచెయ్యబోయి, వేసిన ముగ్గు తుడవడం మరీ పాపమని ఆగిపోయాడు. మర్నాడు వెయ్యకుండా ఉంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందనిపించి, చిన్నది వేశాడు. ఆ మర్నాడూ వేశాడు. అట్లా పదకొండేళ్లు వేశాడు.

సఫూరా ఒక్కనాడూ మాట అనలేదు. గడువు తీరి బయటికి వచ్చిన రోజు గడప మీద ఆగింది. నల్ల అబాయా అంచు కాస్త పైకెత్తుకుని, ముగ్గును తొక్కకుండా ఓరగా, గోడవారగా నడిచి వెళ్లింది. ఈనాటికీ అట్లాగే వెళ్తుంది. అసహ్యమై తప్పుకుంటుందా, మర్యాదకు తప్పుకుంటుందా? నర్సయ్యకు అర్థం కాలేదు. మంచి మనిషి కాబట్టి ఓర్చుకుంటోందేమో, తను రోజూ పొద్దున్నే ఆమె పుండు గెలుకుతున్నాడేమో అనిపించి కొన్నాళ్లు అన్నం సహించేది కాదు. తర్వాత అన్నం సహించింది గానీ సందేహం పోలేదు. ఇవాళ తెలుసుకోకపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

ఇక్కడ పనివాళ్లు యజమానురాలిని మామా అంటారు. మొదట్లో ఆ పిలుపుకు నర్సయ్యకు నవ్వు ఆగేది కాదు. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు. రాత్రంతా హిందీలో ఒక ప్రశ్న కూర్చుకున్నాడు. సఫూరా తోటలోకి పోవడానికి బయటికి రాగానే లేచి నిలబడ్డాడు.

"మామా..."

ఆమె ఆగింది. పలచటి ముఖం, కళ్లద్దాల వెనక పెద్ద కళ్లు. చాలా ఏళ్లు బడిలో ఇంగ్లిషు చెప్పిన మనిషి. ఎవరేం అడిగినా పూర్తిగా వినేదాకా కదలదు.

"ఏమిటి నర్సయ్యా?"

"మూడో రూమ్‌ల నల్లా కారుతున్నది మామా."

"చూద్దాంలే," అని ఆమె గోడవారగా వెళ్లిపోయింది. నర్సయ్య తనను తాను తిట్టుకున్నాడు. ఆ నల్లా నిన్ననే బాగుచేశాడు.

లస్మవ్వ ఫోన్ చేసింది. "బయలెల్లినవా?" అంది.

"ఇంకా పొద్దున్నే ఏడికి బయలెల్తనే? పగటాల్లకు."

"రేపటి సంది మన వాకిట్ల ముగ్గు నువ్వే ఎయ్యాలె. నా నడుము లేస్తలేదు."

"మా అమ్మ గూడ గిట్లనే అన్నది," అన్నాడు నర్సయ్య. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఆ వారం ఇంట్లో దిగిన అతిథి ఒక్కతే. పేరు డోరిస్. అమెరికాలో ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరైంది. ఎండకు ముక్కు చివర ఎర్రబడింది, మెడలో కెమెరా. పెద్ద నగరాలంటే ఆమెకు పడదు. సెలవంటే చిన్న ఊళ్లే. తమ దేశంలో చూడాల్సిన చిన్న ఊళ్లన్నీ చూసేసి ఇప్పుడు ఇతర దేశాల మీద పడింది. నాలుగు రోజులుగా నర్సయ్య ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపి ఫోన్‌లో ఆ ఊళ్ల ఫొటోలు చూపిస్తోంది. ఒకే వీధి, రెండు పక్కలా ఇటుక కొట్లు. తెల్ల చెక్క ఇళ్లు, ముందు అరుగులు, అరుగుల మీద ఊగే బల్లలు. ఐస్‌క్రీమ్ కొట్టు, మంగలి కొట్టు, చిన్న చర్చి, కొట్ల ముందు పూలకుండీలు.

నర్సయ్యకు నచ్చాయి. ఒక్కటే అర్థం కాలేదు. "మంచిగనే ఉన్నది గని, జనమేడబోయిండ్రు ఆపా? బంద్ ఉన్నదా?"

హమీదున్నీసా పాత మేడమ్‌ల ఇళ్లలో నేర్చిన ఇంగ్లిషులో అడిగింది. డోరిస్ పగలబడి నవ్వింది. ఊరు మొత్తం మూడు వేల మందేనంది. చిన్న ఊరు నచ్చిందో లేదో తనకు పొద్దున్నే నడిస్తే తెలిసిపోతుందట, ఎవరైనా ఇంటి ముందు శుభ్రం చేసుకుంటూ కనిపిస్తే ఇంకో రోజు ఉంటుందట.

ఆమె రుస్తాఖ్ రావడానికి కారణమూ ఆ వాకిలే. పోయినేడాది ఎవరో అతిథి ఈ సందు ఫొటో ఇంటర్నెట్‌లో పెట్టాడు. సఫూరా ఇంటి ముందే కాదు, కూతురి నిశ్చితార్థానికి అడిగి వేయించుకున్న పక్కింటి నాదియా గడప ముందూ, ఎదురింటి ముందూ తెల్లటి మెలికలు. ప్రతి ఉదయం గడపల ముందు తెల్లపూలు వేయడం ఈ ఊరి ప్రాచీన ఆచారమని కింద రాశాడట. ఆ సంగతి హమీదున్నీసా చెప్పినప్పటి నుంచి నర్సయ్యకు ఇంకో భయం పట్టుకుంది. తరతరాల ఇల్లు వాళ్లది. దాని మీద తన పిండి ఆచారమై కూర్చుంటే మామా ఏమనుకుంటుంది?

తొమ్మిది దాటాక పెరట్లో నిమ్మచెట్టు నీడన చాప పరిచారు. సఫూరా ఎదురుగా కూర్చుని డోరిస్‌కు ఖహ్వా కాఫీ పోస్తోంది. నర్సయ్య ఖర్జూరాల పళ్లెం తెచ్చి పెట్టి, వెనక్కి తిరగబోతున్నాడు. డోరిస్ వాకిలి వైపు చెయ్యి చూపించి ఏదో అడిగింది.

"అయిపాయె," అంది రొట్టెలు తెచ్చిన హమీదున్నీసా మెల్లగా. "గా పూలు మీ ఊర్ల ఎన్నొందల ఏండ్ల సంది ఉన్నయని అడుగుతున్నది."

నర్సయ్య ఉన్నచోటే నిలబడిపోయాడు.

సఫూరా కప్పు కింద పెట్టింది. కాసేపు వాకిలి వైపు చూసింది. ఇంగ్లిషులో ఒక ముక్క చెప్పింది. డోరిస్ తను సరిగా వినలేదనుకుని మళ్లీ అడిగింది. సఫూరా నర్సయ్య వైపు తిరిగింది. ఆయనకు అర్థం కావాలని, తనకు వచ్చిన హిందీలో, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది.

"పదకొండేళ్లు అని చెప్పాను. అప్పటికి ఉమర్ పోయి వారమైంది. వచ్చిన వాళ్లందరూ ఏడ్చి వెళ్లిపోయారు. తలుపులు మూసే ఉన్నాయి. ఇక ఈ ఇంటికి ఎవరూ రారు అనుకున్నాను. తెల్లారి పై కిటికీలోంచి చూస్తే ఎవరో కొత్త మనిషి గడప ముందు కూర్చుని పువ్వు వేస్తున్నాడు. చుట్టాలు వస్తున్నారన్నట్టు, ఎంతో శ్రద్ధగా వేస్తున్నాడు. అది అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ రోజే నేను అన్నం తిన్నాను."

"నాకు తెల్వదు మామా," అన్నాడు నర్సయ్య, హిందీ మరిచిపోయి తెలుగులోనే. "సావైన ఇల్లని ఎవ్వరు చెప్పలె. తెలిస్తే ఎయ్యకపోదును."

హమీదున్నీసా ముక్కు చీదుకుంటూ ఆ మాట చెప్పింది.

"తెలియకపోవడమే మంచిదైంది," అంది సఫూరా. "తెలిసుంటే నువ్వూ అందరిలాగే తల వంచుకుని నిలబడేవాడివి. నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయపడ్డాను." కళ్లద్దాలు తీసి తలగుడ్డ అంచుతో తుడుచుకుని, డోరిస్ వైపు తిరిగి అదంతా ఇంగ్లిషులో చెప్పింది. చివర్లో ఒక మాట గట్టిగా అంది. అదేమిటని నర్సయ్య కళ్లతోనే అడిగాడు.

"రాసుకోమన్నది," అంది హమీదున్నీసా. "ఇది మా ఊరి రివాజే, పదకొండేండ్లది, నర్సయ్య పెట్టిండు అని రాయమన్నది."

నర్సయ్య లోపలికి వెళ్లి, మూడో రూమ్‌లోని ఆ కారని నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు. ఆయనకు చాలా సంతోషంగా ఉంది. అంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిమ్మచెట్టుకు రెండోసారి నీళ్లు పోశాడు.

మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక టాక్సీ సందు చివర ఆగింది. హమీదున్నీసా హల్వా డబ్బా సంచిలో కుక్కి, లస్మవ్వకు సలాం చెప్పమంది. డోరిస్ రెండు చేతులతో చెయ్యి పట్టుకుని ఊపుతూ, తన ఊరికి తప్పకుండా రమ్మంది.

"ఆడ ఏం జూడాలె ఆపా? మనుషులే లేకపాయె."

"తప్పకుండా వస్తాడట," అని హమీదున్నీసా ఇంగ్లిషులో చెప్పేసింది.

సఫూరా గడప లోపల నిలబడి కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుంది. నర్సయ్య కూడా అట్లాగే పెట్టుకున్నాడు. ఇద్దరికీ వచ్చిన భాష ఆపాటికి అయిపోయింది. ఆయన పెట్టె భుజానికెత్తుకుని, తన ముగ్గు తనే తొక్కకుండా గోడవారగా సందులోకి నడిచాడు.

డ్రైవరు పెట్టె డిక్కీలో పెడుతున్నాడు. నర్సయ్య కారెక్కబోతూ వెనక్కి చూశాడు. కొండవైపు నుంచి గాలి లేచింది. సందులో ఎండుటాకులు దొర్లుతున్నాయి. సఫూరా బయటికి వచ్చింది. పెద్ద పండగలప్పుడు అన్నం పెట్టే పెద్ద పళ్లెం మీద బోర్లించే, ఖర్జూరాకులతో అల్లిన గుండ్రటి మూత ఆమె రెండు చేతుల్లో ఉంది. గోడ పట్టుకుని, మోకాళ్ల నొప్పికి ముఖం చిట్లించుకుంటూ కిందికి వంగింది. మూతను ముగ్గు మీద నెమ్మదిగా బోర్లించింది. ఒక పక్క గీత బయటికి కనిపిస్తుంటే మళ్లీ ఎత్తి సరిగా పెట్టింది. తర్వాత లోపలికి వెళ్లిపోయింది.

"పోదామా చాచా?" అన్నాడు డ్రైవరు.

"ఒక్క నిమిషం," అన్నాడు నర్సయ్య.

ఖాళీ సందులో, గడప ముందు, ఎర్ర ఊలు అంచు కట్టిన ఆ మూత గాలికి కదలకుండా కూర్చుని ఉంది.