ఎడంచేతి దర్జీ

కాలేజీలో యూరప్ చిత్రకళ చరిత్ర చెప్పే మాస్టారికి విద్యార్థులు పెట్టిన పేరు ఎడంచేతి మాస్టారు. ఆయన రాసేదీ తినేదీ కుడిచేత్తోనే. పేరు మాత్రం ఒక బొమ్మ పుణ్యాన వచ్చింది. మూడు వందల ఏళ్ల కిందట ఎవరో ఊరూ పేరూ లేని చిత్రకారుడు గీసిన ఆ బొమ్మలో, దర్జీ పనిచేసే ఒకావిడ ఎడమచేత్తో సూది పట్టుకుని, ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి కోటు సవరిస్తూ ఉంటుంది. దాని గురించి మాస్టారు పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నారు. అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకు కూడా చెప్పారు. ఇన్నాళ్లకు అదంతా పుస్తకమై, ఆఖరి ప్రూఫులు బల్ల మీదికొచ్చాయి. సాయంత్రం ఐదింటికి ప్రెస్సు మనిషి వచ్చి పట్టుకుపోతాడు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. ఆమె నిజంగానే దర్జీ. ఆవిష్కరణ సభలో తమ్ముడు వేసుకోవడానికి కోటు కుట్టి, ఒంటికి సరిపోయిందో లేదో చూద్దామని తెచ్చింది. మాస్టారు అప్పుడే ప్రొజెక్టర్లో స్లైడు పెట్టి, బొమ్మను గోడ మీద వేసి, ప్రూఫులతో సరిచూసుకుంటున్నారు.

“కదలకుండా నిలబడు,” అంది అక్క. కోటు తొడిగి, గుండుసూదులు గుచ్చుతూ గోడకేసి చూసింది. “ఈవిడేనా నీ దర్జీ?”

“ఈవిడే. లోకమంతా కుడిచెయ్యి, కుడిచెయ్యి అని గోల పెడుతుంటే, బెదురు లేకుండా ఎడమచేత్తో కుడుతోంది చూడు. అదొక తిరుగుబాటు.”

“కూజా పట్టుకున్న ఆ పిల్లదీ ఎడంచెయ్యేగా?”

“రెండో అధ్యాయం. గురువు బాటలో శిష్యురాలు.”

“పెద్దమనిషి కత్తి కుడి తుంటి మీద వేలాడుతోంది. అంటే ఆయన కూడానా?”

“మూడో అధ్యాయం. సంఘీభావం.”

“ఊరంతా ఎడంచేతివాళ్లేనా ఏమిట్రా?”

“పుస్తకం ముగింపే అది,” అన్నారు మాస్టారు గొప్పగా.

అక్క ఇంకో గుండుసూది గుచ్చింది. ఆమె చూపు బొమ్మలోని కోటు మీదే ఉంది. “మరి ఆ గుండీలు ఎడమవైపెందుకున్నాయి? మగవాళ్ల కోటుకి గుండీలు కుడివైపు, కాజాలు ఎడమవైపు. వేసుకునేవాడిది ఏ చేతివాటమైనా అలాగే కుడతాం.”

“ఆ రోజుల్లో వేరేమో.”

“నువ్వు చూపించిన పాత బొమ్మలన్నిట్లో కుడివైపే ఉన్నాయి. వాటిల్లో నేను చూసేదే అవి.”

గుండీల మీద మాస్టారి దగ్గర అధ్యాయం లేదు.

గుండుసూదుల కోటుతోనే వెళ్లి ఆయన స్లైడు బయటికి తీశారు. ఎక్కడో ఒక చిన్న మ్యూజియం వాళ్లు ఉత్తరానికి జవాబుగా పంపిన ఫిల్ముముక్క అది. దాన్ని అట్టచట్రంలో బిగించిందీ, ఏ వైపు పెట్టాలో గుర్తుండడానికి మూల ఎర్రచుక్క పెట్టిందీ స్వయంగా ఆయనే. ఆ తర్వాత చుక్కను తప్ప ఫిల్మును చూసింది లేదు. నిగనిగలాడే వైపు మనకు ఎదురుగా ఉంటే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు. మొదటి ఏడాది పిల్లలకు ఆయన నేర్పే మొదటి పాఠమది. కిటికీ దగ్గర వెలుతురుకు వంచి చూశారు. నిగనిగలాడే వైపు ఉండాల్సిన చుక్క మసకవైపు ఉంది.

తిప్పి పెట్టారు. గోడ మీద పెద్దమనిషి గుండీలు బుద్ధిగా కుడివైపుకొచ్చాయి. కత్తి ఎడమకు మారింది. దర్జీ ఆవిడ కుడిచేత్తో శుభ్రంగా కుట్టుకుంటోంది. తిరుగుబాటు గిరుగుబాటు ఏమీ లేదు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. గుండుసూదులు గుచ్చుకుంటున్నా కదల్లేదు.

“పుస్తకమేగా, ఇంకొకటి రాద్దువుగానిలే,” అంది అక్క.

“పుస్తకం గురించి కాదక్కా. ఆవిడ నాకు తోడుందనుకున్నాను.”

అక్కకు అర్థమైంది. గుండుసూదుల డబ్బా బల్ల మీద పెట్టి, ఆయన పక్కన కూర్చుంది. చిన్నప్పుడు తమ్ముడు పలక మీద అక్షరాలు దిద్దే వేళకు వాడి ఎడమచేతిని కుర్చీకి రిబ్బనుతో కట్టేసేవారు. కట్టే పని ఆమెదే.

“నాన్న కట్టమన్నాడని కట్టాను. కాస్త వదులుగా కట్టొచ్చుగా అని ఇప్పటికీ అనిపిస్తుందిరా. గట్టిగానే కట్టాను.”

“నీ పనితనం అప్పటినుంచీ గట్టిదే,” అన్నారు మాస్టారు. ఆమెను నవ్వించాలనుకున్నారు గానీ ఆయనకే కళ్లు చెమ్మగిల్లాయి.

ఐదింటికి ప్రెస్సు మనిషి తలుపు కొట్టాడు. ప్రూఫుల మొదటి పేజీ మీద ‘ఆపండి’ అని రాయడానికి మాస్టారు పెన్ను తీశారు. అక్క దాన్ని లాక్కుని ఆయన ఎడమచేతిలో పెట్టింది.

“ఆవిడ ఏ చేత్తో కుట్టుకుంటే మనకేం? నువ్వు దీంతో రాయి.”

మూడక్షరాలు రాయడానికి చాలాసేపే పట్టింది. ‘ఆ’ బోర్లా పడబోయి నిలదొక్కుకుంది. ‘డి’ గుడి పక్కకు జారింది. ప్రెస్సు మనిషి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదెవరి రాత సార్? ఇంట్లో చిన్నపిల్లలున్నారా?”

“నాదే,” అన్నారు మాస్టారు.