నల్లదారం కట్టిన ముక్క

ఆపరేషన్ థియేటర్ పక్క సామాను గదిలో, చేతి తొడుగుల పెట్టెల వెనక దొరికిన సీసా మీద చిన్నదాని తండ్రి పేరుంది. లోపల, కోసిన ముక్కలు కుళ్లకుండా పోసే ఫార్మలిన్‌లో, ఎవరూ పరీక్షించని కొవ్వు ముక్క తేలుతోంది.

ఇంట్లో అందరికీ ఆమె చిన్నది. ఈ ఆసుపత్రిలో మాత్రం, కోసి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి రోగం తేల్చే డాక్టరు. తండ్రికి మలాశయ క్యాన్సర్ ఆపరేషన్ చేసింది అక్క మొగుడే. సొంత తండ్రి కనక పరీక్ష ఆమెకి అప్పగించలేదు. తోటి డాక్టరు చూసి, లింఫు గ్రంథులకి పాకలేదని తేల్చాడు. కీమో అక్కర్లేదన్నారు. నెల తిరిగేసరికి తండ్రి "చావుని మెడపట్టి గెంటేశాను" అని వీధంతా చెప్పుకుంటున్నాడు.

మనసు ఊరుకోక ఆమె, ఆపరేషన్‌లో తీసి పరీక్షకి పంపిన పెద్ద ముక్కని మళ్లీ తీసి చూసింది. బావ ఎవరికి కోసినా, రక్తనాళం మొదట్లో నల్లదారం కట్టి పంపుతాడు. అన్నిటికన్నా పైనుండే గ్రంథులు అక్కడే దొరుకుతాయి. ఇందులో దారం లేదు. ఆ కొస కత్తిరించేసి ఉంది. తోటి డాక్టరు అడగలేదు. అడిగితే బావ మీద పడి కరుస్తాడు.

నల్లదారం ఇప్పుడు సీసాలో కనిపించింది. ఆమె ఆ ముక్కలోని గ్రంథుల్ని కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. క్యాన్సర్ పాకింది.

మర్నాడు తలుపు తట్టకుండా బావ గదిలోకి వెళ్లి, సీసాని కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఏంటి మరదలా, తేనె తెచ్చావా?"

"మూత తీసి వాసన చూడండి బావా. మీరు దాచిందే."

అతని నవ్వు ఆగింది. "నర్సులు ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు."

"లేబుల్ మీద రాత నీది. ఇలా కోడి కెలికినట్టు రాసేది ఇక్కడ నువ్వొక్కడివే."

"నువ్వా? 'మీరు' అనడం ఎటు పోయింది?"

"నీ పరువుతోపాటే పోయింది."

అతను కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "అద్దంలో కన్నుపెట్టి కూచునేదానివి, నాకు నేర్పుతావా? ఆ వయసులో ఆయన కీమో తట్టుకుంటాడా? ఉన్నన్నాళ్లు హాయిగా ఉండనీ."

"గ్రంథులకి పాకితే రోగం తిరగబెట్టే భయం ఎక్కువ. కీమోతో అది తగ్గుతుంది, అదీ వెంటనే మొదలుపెడితేనే. ఈ పాఠం నాకు చెప్పిందే నువ్వు! ప్రాణం ఆయనది, నిర్ణయం నీదా?"

"అరవకు. బయట వింటారు."

"వినాలి. నాన్న బయటే కూచున్నాడు."

ఆమె తలుపు బార్లా తీసింది. తండ్రి లోపలికొచ్చి, సీసా మీద తన పేరు చదివి, అల్లుడి మొహంలోకి చూశాడు.

"ఏంటి అల్లుడూ ఇది?"

అతను చిన్నదాని వంక కొరకొరా చూశాడు. ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఆపరేషన్ మధ్యలోనే నాకు తెలిసిపోయింది మామయ్యా," అన్నాడు చివరికి. "గ్రంథి గట్టిగా వేలికి తగిలింది. విడిగా పంపుదామని ఆ కొస కోసి సీసాలో వేశాను. బయటికి రాగానే మీ పెద్దమ్మాయి చెయ్యి పట్టుకుంది. పరీక్ష కాకముందే 'ఎక్కడికీ పాకలేదు, మొత్తం తీసేశాను' అనేశాను. అందరూ నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశారు. ఆ మాట వెనక్కి తీసుకోలేక లోపలికెళ్లి సీసా దాచాను. పారేద్దామంటే చెయ్యి రాలేదు. కీమో తట్టుకోలేరని కాదు మామయ్యా. నేను తప్పు చెప్పానని మీ ఇంట్లో ఎవరూ అనకూడదని."