నీరు ఇంకిపోయింది

నాలుగు నెలల కొడుక్కి నీళ్లు పోస్తుండగా ఒకవైపు బీజం వాచినట్టు ఆ తల్లికి కనిపించింది. లారీ నడిపే భర్తకు చెబితే దారిలో మనసు చెదురుతుందని చెప్పలేదు. అత్తగారికి చెబితే వీధి వీధంతా టముకు వేస్తుంది. అందుకే భయాన్ని కడుపులో దాచుకుని, కుట్టుపని పక్కనపెట్టి ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది.

స్కాన్ చేసిన డాక్టరమ్మ, "గడ్డ కాదమ్మా, చుట్టూ నీరు చేరింది. చాలామంది పిల్లలకు దానంతటదే పోతుంది. ఆరు నెలలకోసారి చూద్దాం," అంది.

ఆ మాట విన్నా ఆమెకు నిద్ర పట్టేది కాదు. రోజూ పిల్లాడి స్నానానికి ముందు ఆ వాపును వేళ్లతో తడిమి చూసేది. అలా ఏడాది గడిచింది.

మూడో స్కానుకు చల్లటి జెల్ తగలగానే పిల్లాడు కిలకిలా నవ్వాడు. డాక్టరమ్మ తెరను ఆమె వైపు తిప్పింది.

"రెండూ ఒకేలా ఉన్నాయి చూడు. నీరు ఇంకిపోయింది. ఇక రానక్కర్లేదు. బయట మీవాళ్లుంటే పిలువు, వాళ్లకీ చెబుతా."

"ఎవరూ రాలేదండి."

బయట బల్ల మీద కూర్చుని భర్తకు ఫోన్ చేసింది. సంతోషం చెప్పాలంటే ముందు ఏడాది భయం చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"వీడు నవ్వుతున్నాడు, వింటావని..."

"పిచ్చిమొహమా, దీనికా ఫోను? సరుకు దింపుతున్నా, తర్వాత మాట్లాడతా."

ఏడాదిగా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. పక్కనున్న పెద్దావిడ, బిడ్డకేదో అయిందనుకుని, "ధైర్యం తెచ్చుకో తల్లీ," అంటూ వీపు నిమిరింది.

ఆమె కాదనలేదు. ఆ చెయ్యి అలాగే ఉండనిచ్చింది.