వంటగది అనే కంప్యూటర్

ఫైలు డెబ్బై ఒక్క శాతం దగ్గర మళ్లీ ఆగింది. నేను స్టవ్ కట్టేసి వచ్చేసరికి తెర మీద "కనెక్షన్ తెగిపోయింది" అని ఉంది. మధ్యాహ్నం పన్నెండయింది. నాలుగింటికల్లా పంపకపోతే ఈ నెలలో ఇది మూడో ఆలస్యం. పొద్దున మేనేజరమ్మ ఫోన్లో గొంతు పెంచలేదు. "ఇంకోసారి ఆలస్యమైతే మీ ఉద్యోగం గురించి నేనేం మాట్లాడలేనండీ," అంది.

వీడియోల్లో మాటలు విని, వాటిని తెర అడుగున కనిపించేలా రాసి కలపడం నా పని. పూర్తయిన వీడియో ముందు మా ఇంటి డిస్కులోకి వెళ్లాలి, ఆ తర్వాతే బయటికి. అది మా ఆయన పెట్టిన నియమం. డిస్కూ రౌటరూ ఆయన గదిలో ఉంటాయి. "నీ దగ్గరుంటే పోగొడతావు," అన్నారు.

రెండేళ్లుగా తప్పు నాదే అనుకున్నాను. ల్యాప్‌టాప్‌ని ఫ్రిజ్ పక్కనుంచి కిటికీ దగ్గరికి మార్చాను. పాత ఫైళ్లు చెరిపాను. "నీ చెయ్యి పడితే కొత్తదైనా మొరాయిస్తుంది," అని ఆయన నవ్వేవారు. "ఆ పెట్టె ముందు అంతసేపు కూర్చుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం," అని అత్తయ్య అందుకునేది. అత్తయ్యకి పదకొండింటికి మాత్ర, ఒంటిగంటకి భోజనం, మూడున్నరకి టీ. ఆఫీసులో కుర్చీ ఇస్తామని మేనేజరమ్మ రెండుసార్లు అడిగితే ఈ వేళలు చూసుకునే వద్దన్నాను.

ఈ రోజు ఆయన బయటికెళ్లారు. ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లి, రౌటర్‌కి నేరుగా తీగ తగిలించాను. వేగం అంతే. ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, అదే తీగ ఆయన కంప్యూటర్‌కి తగిలించి పంపాను. రెండు నిమిషాల్లో డిస్కులో ఉంది. తీగ మంచిదే. డిస్కూ మంచిదే.

ఆయన కంప్యూటర్‌లోనే రౌటర్ పేజీ తెరిచాను. ఇంట్లో వాడేవన్నీ వరసగా ఉన్నాయి, ఆన్‌లో ఉన్నవాటి పక్కన పచ్చ చుక్కలతో. ఆఫీసు, అంటే ఆయన కంప్యూటర్. హాలు టీవీ. అమ్మ ఫోన్. అన్నిటికన్నా కింద, వంటగది. అది నా ల్యాప్‌టాప్. ఆ ఒక్క పేరు పక్కనే వేగానికి హద్దు పెట్టి ఉంది. తేదీ చూశాను. నేను పనిలో చేరిన వారం.

ఆయనకి ఫోన్ చేశాను.

"ఓ, అదా! అప్పట్లో నా మీటింగుల్లో బొమ్మ ఆగిపోయేది. అందుకని నీది కాస్త తగ్గించా. చెప్పలేదూ?"

"చెప్పలేదు."

"నీ పనికి అది చాల్లే అనుకున్నా. ఇప్పుడేం మునిగిపోయిందని? సాయంత్రం వచ్చి తీసేస్తాలే. నువ్వేదీ కదపకు."

హద్దు తీసేయడానికి ఒక్క నొక్కు చాలు. నేను ముట్టుకోలేదు. డిస్కులో ఉన్న ఫైలుని మేనేజరమ్మకి పంపాను. తర్వాత ఫోన్ చేశాను.

"అందిందండీ. ఈసారి ముందే పంపారే!"

"ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందా అండీ?"

"ఉంది. ఎప్పుడొస్తారు?"

"రేపు తొమ్మిదింటికి."

"ఏమ్మా, అన్నం పెడతావా లేదా? ఒంటిగంట దాటింది," హాల్లోంచి అత్తయ్య.

"వస్తున్నానత్తయ్యా."

ల్యాప్‌టాప్ ఆపి సంచిలో పెట్టుకున్నాను. ఆయన తెర మీద, వంటగది పక్కనున్న పచ్చ చుక్క ఆరిపోయింది.