వంతు కాని రోజు

కుళాయి మెడ మీద అరచేయి ఆనించి కూర్చున్నాడు సుందరరావు. ఇనుము చల్లగా ఉంది. నీళ్ళు వచ్చే ముందు గొట్టంలో గాలి కదులుతుంది. ఆ కదలిక చెవికంటే ముందు చేతికి తెలుస్తుంది. తరువాత ఎవరో దగ్గినట్టు చప్పుడు, కొన్ని ఎర్రటి చుక్కలు, ఆ వెనక ధార. ఇవాళ అవేవీ ఉండవని అతనికి తెలుసు. తిరువూరులో వాళ్ళ వీధికి రోజు విడిచి రోజు నీళ్ళు. నిన్ననే వచ్చాయి. అయినా తెల్లవారగానే వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చోవడం ఏడాదిగా అలవాటైపోయింది.

పక్కింటి హన్నమ్మ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపింది.

“ఏంటన్నయ్యా, పంపుకి కాపలా కాస్తున్నావా? ఎవరన్నా ఎత్తుకుపోతారనా?”

“దాన్నెవరు ఎత్తుకుపోతారమ్మా.”

“మరి లేచి టీ తాగు. వంతు కాని రోజు నువ్వు చెయ్యి పెడితే వచ్చేస్తాయా? రిటైరైపోయావు, ఇంక నీ మాట అది వినదు.”

అతను నవ్వాడు గాని లేవలేదు. సన్నటి మనిషి. వాల్వులు తిప్పే ఇనుప కడ్డీని ముప్పై ఏళ్ళు మోసిన కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. అరచేతుల్లో అడ్డంగా ఒక్కొక్క కాయ కాచి ఉంది. ఊళ్ళో నీళ్ళు వదలడం అతని ఉద్యోగం. ఒక వీధికి తిప్పడం, ఇంకో వీధికి కట్టడం. మిట్టమీద ఇళ్ళవాళ్ళు ధార సన్నగా ఉందని తిట్టేవాళ్ళు, పల్లంలో వాళ్ళు తొందరగా కట్టేశాడని తిట్టేవాళ్ళు. మంచినీళ్ళ సుందరరావంటే తెలియని ఇల్లు లేదు. అతన్ని పిలిచి కూర్చోబెట్టిన ఇల్లూ పెద్దగా లేదు.

గడప పక్కన భార్య ప్రేమావతి ఇత్తడి బిందె బోర్లించి ఉంది. వాళ్ళది వీధిలో చివరి ఇల్లు. వీధి మొదట్లో వాల్వు తిప్పి అతను నిలబడితే, నీళ్ళు ఇంటిదాకా చేరగానే ఆమె గడపలోకి వచ్చి “వచ్చాయీ” అని కేకవేసేది. ఆ కేక వినపడితే వీధంతటికీ అందినట్టు. అప్పుడు కడ్డీ భుజాన వేసుకుని ఇంకో వీధికి వెళ్ళేవాడు. నీళ్ళు వదిలినవాడికే నీళ్ళొచ్చాయని చెబుతావేంటని ఆడవాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు.

వంతుల్లో అతను ఒకే ఒక్క మినహాయింపు పెట్టుకున్నాడు. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ వీధికి వంతు చూడకుండా నీళ్ళు వదిలేవాడు. పోయినవారి స్నానానికి, ఆ తరువాత ఇల్లు కడుక్కోవడానికి, వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి. ఆఫీసులో ఎవరూ చెయ్యమనలేదు, వద్దనలేదు. చావింటివాళ్ళు వచ్చి అడిగే అవసరం ఏనాడూ రానివ్వలేదు. వాళ్ళు కుళాయి వైపు చూసేసరికి ధార పడుతూ ఉండేది.

ప్రేమావతి పోయిన రోజు వీధి వంతు కాదు. అప్పటికి అతను రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన జోజిబాబుకు ఫోన్ చేశాడు.

“ఇవాళ మా వీధికి నీళ్ళున్నాయా, బాబూ?”

“ఇవాళ మీ వంతు కాదు కదా బాబాయ్. రేప్పొద్దున.”

“సరే” అని పెట్టేశాడు. ఇంకొక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు. హన్నమ్మ ఇంటి బోరునీళ్ళతోనే స్నానం చేయించారు. ఆ ఉప్పునీళ్ళలో సబ్బు నురగ కట్టలేదు. ప్రేమావతి జుట్టు ఆరిన తరువాత చీపురుపుల్లల్లా బిరుసుగా అయింది. దాన్ని సవరించబోయిన అతని వేళ్ళకు ఆ బిరుసు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

మరునాడు పొద్దున, సమాధుల తోటలో మట్టి ఇంకా తడిగా ఉండగానే, కుళాయి దగ్గింది. బిందె నిండింది, పొర్లింది, వాకిలంతా పారింది. అతను గడపలో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. “వచ్చాయీ” అనే మనిషి లేదు. ఆ సాయంత్రం బిందె బోర్లించాడు. మళ్ళీ నిలబెట్టలేదు.

ఏడాదిగా జోజిబాబును కలిసి చెప్పాలనుకుంటున్నాడు. తన తరువాత ఊళ్ళో ఏ చావింటి కుళాయీ ఎండిపోయి ఉండకూడదు. ఆ ఒక్క మాట చెప్పడానికి వెళ్ళిన ప్రతిసారీ సగం దారి నుంచే తిరిగి వచ్చాడు. రాత్రి కాస్త ఆయాసంగా అనిపించింది. ఇవాళ వెళ్ళాలి.

లోపలికి వెళ్ళి తలుపు వెనకనుంచి కడ్డీ తీశాడు. ఆఫీసు కడ్డీ పొట్టిది, నడుం వంచాల్సి వచ్చేది. అందుకని ఇది తన ఎత్తుకు కమ్మరి దగ్గర చేయించుకున్నాడు. ఎండలో పిడి కాలిపోతుంటే ప్రేమావతి పాత చీర అంచు చింపి దానికి చుట్టింది. ఆకుపచ్చ అంచు, ఇప్పుడు రంగు తెలియదు.

రోడ్డెక్కాడు. గంపలగూడెం ఆటోలవాళ్ళు మనుషుల కోసం అరుస్తున్నారు. వాళ్ళ మధ్యనుంచి కడ్డీ ఊతగా నడిచాడు. ఊరు అతనికి ఇళ్ళుగా కనిపించదు, వాల్వు గుంటలుగా కనిపిస్తుంది. ఈ గుంట మూత ఎత్తింది వడదెబ్బకు పోయిన తాపీమేస్త్రీ కోసం. ఆ మలుపు దగ్గరది కాన్పులో పోయిన కోడలి కోసం, వానలో, మోకాళ్ళ లోతు బురదలో. చెప్పుల కొట్టు ముందరిది ఒకే నెలలో రెండుసార్లు. వాళ్ళ ముఖాలు అతను చూడలేదు. వాల్వు తిప్పి, గొట్టంలో నీళ్ళు పరుగెత్తే చప్పుడు విని వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు నడుస్తుంటే ఆ చప్పుడే కాళ్ళ కింద, తనతోపాటు వస్తున్నట్టుంది.

జోజిబాబు ట్యాంకు నీడలో సెల్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

“ఏంటి బాబాయ్, కడ్డీ తీసుకుని మరీ వచ్చావు? కొడతావా ఏంటి?”

“కొట్టే ఓపిక ఎక్కడుందిరా. నీకో మాట చెప్పాలి.” మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. “చావింటికి వంతు చూడమాక. ఎవరింట్లో మనిషి పోయినా ఆ వీధికి వదిలెయ్.”

“ఆఫీసులో అడిగితే ఏం చెప్పమంటావ్?”

“నన్నెవరూ అడగలేదు.”

“మరి పోయినట్టు నాకెట్టా తెలుస్తది? వాళ్ళొచ్చి చెప్పొద్దా?”

“చెప్పలేరు” అన్నాడు సుందరరావు. “షామియానా ఆటో ఏ వీధిలోకి తిరిగిందో చూసుకో. అడిగించుకోమాక.”

జోజిబాబు సెల్లు జేబులో పెట్టాడు. ఏదో గుర్తొచ్చినట్టు అతని ముఖం మారింది.

“పిన్ని పోయిన రోజు ఫోన్ చేశావు కదా. నీళ్ళున్నాయా అని అడిగావు. అప్పటికే...”

“ఊఁ.”

“ఒక్క ముక్క చెబితే పోయేది కదా బాబాయ్!”

“నోరు రాలేదురా.”

సుందరరావు లేచి కడ్డీ అతని చేతిలో పెట్టాడు.

“మెల్లగా తిప్పు. ఒక్కసారి తిప్పితే గొట్టం అదురుతుంది. ఆ గుడ్డ తియ్యమాక.”

ఇంటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. చేతిలో కడ్డీ లేకపోవడంతో ఒకవైపుకు ఒరిగి నడిచాడు. గడప దగ్గర ఆగి, బిందెను తిప్పి నిలబెట్టి, తుండుతో లోపల తుడిచి, కుళాయి కింద పెట్టాడు.

“ఇవాళ రావు కదన్నయ్యా” అంది హన్నమ్మ గోడ అవతలనుంచి.

“రావు” అన్నాడు. బిందెను మాత్రం తీయలేదు. లోపలికి వెళ్ళి మంచం మీద వాలాడు.

మధ్యాహ్నం దోసకాయ కూర గిన్నెతో వచ్చిన హన్నమ్మ రెండుసార్లు పిలిచింది. అతని చేయి మంచం పట్టె మీద ఉంది, పొద్దున కుళాయి మీద ఆనించినట్టే. ఆమె తాకి చూసింది. చల్లగా ఉంది.

కబురందుకున్న నలుగురూ వచ్చారు. షామియానా ఆటో వీధిలోకి తిరిగింది. స్నానానికి బోరునీళ్ళు తెద్దామని హన్నమ్మ బకెట్టు తీసుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పుడు కుళాయి దగ్గింది. ఎర్రటి చుక్కలు రాలాయి. ధార నేరుగా బిందెలోకి పడింది. ఆమె బకెట్టు కింద పెట్టింది. తరువాత వీధి మొదటివైపు తిరిగి, పగిలిన గొంతుతో, “వచ్చాయీ” అని కేకవేసింది.

జోజిబాబు ఇంట్లోకి రాలేదు. స్నానం అయ్యేదాకా, పాస్టరుగారు ప్రార్థన ముగించేదాకా వాల్వు గుంట పక్కనే నిలబడ్డాడు. పెట్టె వీధి మొదట్లోకి వచ్చినప్పుడు అతనూ ఒక భుజం పట్టాడు.

అందరూ వెళ్ళిపోయాక ఖాళీ వీధిలో ప్రతి ఇంటి ముందూ నీళ్ళు పారుతూనే ఉన్నాయి. మూత తీసిన గుంటలో, పిడికి రంగు తెలియని చీర అంచుతో, కడ్డీ నిటారుగా నిలబడి ఉంది.